ఉగాదికి మెల్‌బోర్న్‌లో ఆకులు రాలుతుంటే వసంత ఋతువని పిల్లకి ఎలా చెప్పాలి?

మేము మెల్‌బోర్న్‌లో ఉంటాం. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. ఉగాది నుంచి రోజూ స్నానం అయ్యాక దీపం దగ్గర కూర్చోబెట్టి పది నిమిషాలు సంకల్పం (పూజకి ముందు మనం ఉన్న చోటు, కాలం చెప్పుకునే మంత్రం) నేర్పిస్తున్నాను. సంవత్సరం, మాసం, పక్షం, తిథి పంచాంగం యాప్ చూసి తనే చెప్పేస్తుంది. ఋతువు దగ్గరే బండి ఆగిపోయింది. "ఉత్తరాయణే, వసంత ఋతౌ, చైత్రమాసే" అనగానే కిటికీలోంచి రాలుతున్న ఆకులు చూపించి "ఇది ఆటమ్ కదా నాన్నా" అంటుంది.

గ్లోబు, టార్చి పెట్టి ఇక్కడ కాలాలు ఎందుకు తిరగబడతాయో చూపించాను. బాగా అర్థమైంది, అదే నా కొంప ముంచింది! చైత్ర వైశాఖాలు వసంతం, జ్యేష్ఠ ఆషాఢాలు గ్రీష్మం అంటూ చార్టు గీసి గోడకి అంటించాను. ఋతువులు ఇండియా లెక్క అన్నాను. "మరి పంతులుగారు దేశం పేరు మార్చారుగా, ఋతువు ఎందుకు మార్చరు?" అంది. మొన్న తెలిసినవాళ్ల గృహప్రవేశంలో సంకల్పంలో ఆస్ట్రేలియా అనడం విన్నదిలెండి. ఇక్కడి పెద్దాయన ఒకరు శరదృతువు అని చెప్పించమన్నారు. ఊళ్లో మా నాన్నగారు అస్సలు వద్దన్నారు.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికాల్లో ఉన్నవాళ్లు చెప్పండి: చైత్రమాసానికి మీ పిల్లలకి ఏ ఋతువు నేర్పించారు, వాళ్లు ఒప్పుకునేలా ఏం కారణం చెప్పారు?