అప్‌డేట్: తొమ్మిదో తరగతిలో చదవలేని 11 మంది

మా తొమ్మిదో తరగతిలో 11 మంది సాంఘిక శాస్త్రం పాఠం చదవలేకపోతున్నారని, అందరికీ అ ఆల నుంచి మొదలుపెట్టాలా అని నెల క్రితం అడిగాను. ముందు ఒక్కొక్కరినీ విడిగా చదివించి చూడమన్నారు మీరు. చూశాను.

పిల్లలు ఏ స్థాయి వరకు చదవగలరో చూసే అసర్ సర్వేలో వాడే పద్ధతే తీసుకున్నాను: అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. తరగతి గదిలో కాదు, వేపచెట్టు కింద. తోటివాళ్ల ముందు నోరు విప్పరు కదా. అక్షరాల దగ్గర ఆగినవారు ఒక్కరూ లేరు. ఏడుగురికి అడ్డం సంయుక్తాక్షరాలే. ‘రాష్ట్రం’, ‘స్వాతంత్ర్యం’ లాంటివి రాగానే మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించేస్తున్నారు. ముగ్గురు గడగడా చదివారు. ఏం అర్థమైందని అడిగితే మౌనం. ఆ గడగడే నన్ను రెండేళ్లు మోసం చేసింది. మిగిలిన అమ్మాయికి కావలసింది పాఠం కాదు, కళ్లద్దాలు!

ఏడుగురికి రోజూ 20 నిమిషాలు ఒత్తుల పదాలు విడగొట్టి, కలిపి చదివిస్తున్నాను. ముగ్గురి చేత ప్రతి పేరా దగ్గరా ఆపి సొంత మాటల్లో చెప్పిస్తున్నాను. మూడు వారాలకు ఏడుగురిలో నలుగురు కథ దాకా వచ్చారు. అది రెండో తరగతి కథ మాత్రమే. తొమ్మిదో తరగతి పాఠం ఇంకా దూరమే. దసరా సెలవుల తర్వాత మళ్లీ వేపచెట్టు కిందకే.