ఎండలో కూర్చునే మగ తొండకి వేడి తట్టుకునే శక్తి ఎక్కువా?

ఎండమావి:
మగ తొండ ఎప్పుడు చూసినా రాతి కొస మీద, ఎండలో. ఆడది కింద పొద చాటున. మగదాని ఒళ్లు వేడికి ఎక్కువ ఓర్చుకుంటుందనేగా దీనర్థం?

నీడపట్టు:
అంత తేలిగ్గా తేల్చేయకండి. మగది పైకెక్కేది ఎండ కోసమే అనుకోనక్కర్లేదు. హద్దు కాపలా కాయాలి, పోటీకి వచ్చినవాడికి కనపడాలి. బ్రౌన్ అనోల్‌ అనే బల్లిలోనూ అంతే, గొంతు కింది తోలు చాచి చూపించే మగవి ఆడవాటికన్నా ఎత్తులో ఉంటాయి.

ఓర్పు కొలిచే పద్ధతి వేరు. బల్లిని మెల్లగా వేడిచేస్తూ మధ్యమధ్యలో వెల్లకిలా తిప్పుతారు. తనంతట తాను బోర్లా తిరగలేకపోయిన ఉష్ణోగ్రతే దాని హద్దు. వెంటనే చల్లబరుస్తారు. అది కొలవకుండా రాతి మీద కూర్చుందని మార్కులు వేసేస్తే ఎలా?

ఎండమావి:
సరే, కానీ తరతరాలుగా ఎండలోనే ఉంటే ఒళ్లు అలవాటు పడదా?

పాతరాయి:
అసలు ఎండలోనే ఉంటుందని ఎవరన్నారు? కాసేపు కదలకుండా చూడండి. రాయి కాలడం మొదలవగానే ముందు కాలివేళ్లు ఎత్తుతుంది, తర్వాత పొట్ట లేపి నిలబడుతుంది, ఆపైన నీడలోకి జారుకుంటుంది. ఎడారి సరీసృపాలు ఇలా ఎండకీ నీడకీ మారుతూ ఒంటి వేడిని అదుపులో పెట్టుకుంటాయని కౌల్స్, బోగర్ట్ అనే శాస్త్రవేత్తలు 1944లోనే చూపించారు. ఒళ్లు కాగకముందే దిగిపోయే జీవికి ఓర్పు పెంచుకోవాల్సిన అవసరం ఎంత?

పొదచాటు:
మీ ముగ్గురికీ మగదే కనిపిస్తోంది! చూలుతో ఉన్న ఆడదాని సంగతేంటి? పిల్లల్ని కనే స్కెలోపోరస్ జారోవై అనే బల్లిలో చూలు ఆడవి ఒంటి వేడిని మగవాటికన్నా సుమారు రెండు డిగ్రీలు తక్కువలో ఉంచుకుంటాయి. అది చేతకానితనం కాదు, పిండాల కోసం. వేరే జాతుల్లో చూలు ఆడవే ఎక్కువ వేడి వెతుక్కుంటాయి కూడా. మెక్సికోలో స్కెలోపోరస్ బల్లులు ఉండే 200 చోట్లను మళ్లీ చూస్తే, 1975 తర్వాత 12 శాతం చోట్ల అవి లేకుండా పోయాయని 2010లో తేలింది. కారణంగా చెప్పింది మాడి చావడం కాదు. వేడికి నీడలోనే ఉండిపోయి, పిల్లల్ని కనే కాలంలో తిండి వెతుక్కునే గంటలు తగ్గడం.

ఎండమావి:
ఆ కోణం నాకు తట్టలేదండి. మగదానికే ఓర్పు ఎక్కువన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. అయినా కొలిస్తే తేడా రాకూడదని రూలేం లేదుగా?

నీడపట్టు:
లేదు, కొన్ని జాతుల్లో రావచ్చు. కాకపోతే కొలిచే ముందు ఒంటి బరువు, చూలు రెండూ చూసుకోండి. పెద్ద మగదాన్నీ నిండు చూలు ఆడదాన్నీ పక్కపక్కన పెట్టి ఇది ఆడామగా తేడా అంటే మళ్లీ ఒప్పుకోను.