అప్‌డేట్: అమెరికా ఎన్నికలు, మా కొత్తవాడ దరీలు

2024 అక్టోబర్‌లో ఇక్కడ ఒక ప్రశ్న అడిగాను. వరంగల్ కొత్తవాడలో దరీలు (నేల మీద పరిచే నూలు తివాచీలు) నేయించి, ఒక ఎగుమతిదారు ద్వారా అమెరికాకు పంపుతాను. అక్కడి అధ్యక్ష ఎన్నికలు అయ్యేదాకా నూలు కొనడం ఆపాలా అని అడిగితే, సగమే కొనమని ఎక్కువమంది చెప్పారు. అట్లనే చేశాను.

నవంబర్ 6న పొద్దంతా ఫోన్ చూస్తూనే ఉన్నాను. గెలవాలంటే రాష్ట్రాల వారీగా లెక్కపెట్టే 538 ఎలక్టోరల్ ఓట్లలో 270 కావాలి, పెన్సిల్వేనియా 19 ట్రంప్‌కు పోయాయి, సాయంత్రానికి తేలిపోయింది. ఆయన గెలిస్తే దిగుమతి సుంకాలు పెంచుతాడని తెలుసు, కానీ అక్కడి పార్లమెంటులో చర్చ జరిగి, ఓటింగ్ అయ్యేసరికి టైం పడుతుంది అనుకున్నాను. అదే నా తప్పు. 1977 నాటి అత్యవసర అధికారాల చట్టం కింద అధ్యక్షుడి ఉత్తర్వుతోనే పని అయిపోయింది. 2025 ఆగస్టు 7న మన సరుకు మీద 25 శాతం, 27న మన దేశం రష్యా చమురు కొంటోందన్న పేరుతో ఇంకో 25. అప్పుడు వంద రూపాయల దరీకి అక్కడ కొనేవాళ్లు అదనంగా 50 కట్టాల్సి వచ్చింది. ఎవరు కడతారు? మా ఎగుమతిదారు ఆర్డర్ ఆపేశాడు.

సగం నూలే కొన్నాను కాబట్టి అప్పు మీద పడలేదు. మీ అందరికీ నిజంగా కృతజ్ఞుణ్ని. మగ్గాలు మాత్రం ఆపలేదు. వయసు మళ్లిన నేతన్నలు ఒకసారి వేరే పనికి పోతే తిరిగి రారు. 2018లో వరంగల్ దరీలకు వచ్చిన భౌగోళిక గుర్తింపు (జీఐ) లేబుల్‌తో ఇప్పుడు హైదరాబాద్ దుకాణాలకు చిన్న సైజులు ఇస్తున్నాను. లాభం తక్కువే. దసరాకు కూలి మాత్రం బాకీ లేకుండా ఇచ్చాను.