గుండె వైఫల్యానికి మూలకణాల చికిత్స: తెలిసినోళ్లు జర చెప్పండి

పేషెంటుది మిర్యాలగూడ, 58 ఏండ్లు. పాత గుండెపోటు, స్టెంటు ఉంది. ఈఎఫ్ (గుండె ఒక్కో కొట్టుకు బయటికి నెట్టే రక్తం శాతం) 26 శాతం. ఈసీజీలో లెఫ్ట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్ (గుండె ఎడమ వైపుకు కరెంటు ఆలస్యంగా చేరడం), క్యూఆర్ఎస్ (ఆ కరెంటు కింది గదుల్లో పాకే టైము) 156 మిల్లీసెకన్లు. బీపీ 100/60, పొటాషియం 4.9, క్రియాటినిన్ 1.3. ఆర్నెల్లుగా గుండె వైఫల్యానికి మందులు సాకుబిట్రిల్-వాల్సార్టాన్ 50 ఎంజీ రెండు పూటలా, బైసోప్రొలాల్ 2.5, స్పైరనోలాక్టోన్ 25, డాపాగ్లిఫ్లోజిన్ 10, ఫ్రూసిమైడ్ (ఒంట్లో నీరు తీసే మాత్ర) 40 వాడుతున్నారు. కాళ్ల వాపు లేదు, మెట్లెక్కితే ఆయాసం.

హైదరాబాద్‌లో ఒక క్లినిక్ వాళ్లు ఎముక మజ్జ తీసి, అందులోని మూలకణాలను (స్టెమ్ సెల్స్) చేతి నరం నుంచి ఎక్కిస్తామంటున్నారు. పైసలు ముందే కట్టాలట. అట్లా ఎక్కించిన కణాలు చాలావరకు ఊపిరితిత్తుల్లోనే చిక్కుకుంటాయి. కేథటర్‌తో నేరుగా గుండె కండరంలోకే ఇచ్చిన డ్రీమ్-హెచ్ఎఫ్ అనే క్లినికల్ ట్రయల్‌లో కూడా (ఫలితాలు 2023లో జర్నల్‌లో అచ్చయ్యాయి, 500 మందికి పైగా) గుండె వైఫల్యంతో మళ్లీ మళ్లీ ఆసుపత్రిలో చేరడం తగ్గలేదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం గుండెకు ఇది ట్రయల్‌లోనే ఇవ్వాలి, ట్రయల్‌లో పేషెంటు దగ్గర డబ్బు తీసుకోవద్దు. క్లినిక్‌ను సీటీఆర్ఐ (దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) నంబరు అడిగితే "ఇది ట్రయల్ కాదు, ట్రీట్‌మెంట్" అన్నారు. అక్కడే తేలిపోయింది కదా!

సీటీఆర్ఐలో నమోదై, ఈఎఫ్ 35 లోపు వాళ్లను ఇప్పుడు చేర్చుకుంటున్న ట్రయల్ హైదరాబాద్‌లో ఎక్కడన్నా ఉందా? అంతకన్నా ముఖ్యం, ఈ ఈసీజీకి ముందు సీఆర్‌టీ పేస్‌మేకరే (గుండె రెండు వైపులా ఒకేసారి కొట్టుకునేట్టు చేసేది) పెట్టాలి కదా. నల్లగొండ జిల్లా నుంచి ఆరోగ్యశ్రీలో దానికి అప్రూవల్ తెచ్చుకున్నోళ్లు ఏ కాగితాలు పెట్టారు? ఇంకొకటి: ఇదే బీపీ మీద ఫ్రూసిమైడ్ తగ్గించి సాకుబిట్రిల్-వాల్సార్టాన్ 100కు పెంచిన డాక్టర్లుంటే, (ఆ మందుతో పొటాషియం పెరగొచ్చు కాబట్టి) పొటాషియం ఎన్ని రోజులకు మళ్లీ చూపిస్తున్నారు?