అంబులెన్సు పంపే కేంద్రం జిల్లాలో ఉండాలా, రాష్ట్రానికి ఒక్కటి చాలా?

బుచ్చి రైతు
పోయిన వర్షాకాలంలో, చీకటి పడే వేళ, మా నాన్నను పొలంలో రక్తపింజర కరిచింది. అంబులెన్సు కోసం ఫోను చేసి, కనిగిరి కాలువ గట్టు మీద ఉన్నామని చెప్పాను. "కనిగిరి పట్టణమేనా అండీ?" అని అడిగారు. అడగడం సబబే. ఆ పేరుతో వేరే జిల్లాలో ఒక పట్టణం ఉంది. కనిగిరి జలాశయం మాత్రం మా బుచ్చిరెడ్డిపాళెం పక్కన, నెల్లూరు జిల్లాలో ఉంది. ఎక్కడో కూర్చున్నవారికి ఆ తేడా ఎలా తెలుస్తుంది? కాలు వాచిపోతున్న మనిషిని ఒడిలో పెట్టుకుని మండలం పేరు, జిల్లా పేరు విడమరిచి చెప్పడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. నాన్న బతికారు. కానీ ఆ నిమిషం నన్ను వదలడం లేదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఫోన్లు ఇక్కడివారే ఎత్తాలి. నెల్లూరులోనో ఒంగోలులోనో మనకొక కేంద్రం కావాలి. మీరేమంటారు?

సీతారామపురం మాస్టారు
మీ మాటే నా మాట. కొండాపురం సంగతే చూడండి. మన జిల్లాలో ఒక కొండాపురం మండలం ఉంది, కడప జిల్లాలో ఇంకొకటి ఉంది. మన మాటల సంగతి అంతకన్నా పెద్దది. మనం వరి మడిని "కయ్య" అంటాం. "కయ్యలో పడి దెబ్బ తగిలింది" అని మనవాడు చెబితే, వేరే ప్రాంతంవారి చెవికి అది "కయ్యంలో" అని వినిపిస్తుంది. వాళ్లు అంబులెన్సు మాట మరచి పోలీసులకు చెప్పినా తప్పు పట్టలేం.

దారుల సంగతీ అంతే. పటం మీద పెన్నా అవతలి బండి రెండు వేళ్ల దూరంలో కనిపిస్తుంది. 2022 సెప్టెంబరులో సంగం బ్యారేజీ ప్రారంభమయ్యే దాకా, నదికి వరద వస్తే పొదలకూరు వైపు నుంచి సంగానికి ఎంత చుట్టు తిరగాలో ఈ నేల మీద పుట్టినవారికే తెలుసు. 2021 నవంబరులో పడుగుపాడు దగ్గర హైవే, రైలు కట్ట కోసుకుపోయినప్పుడు ఏ దారి తెగిందో, ఏ దారి మిగిలిందో ఊళ్లవారే ముందు చెప్పగలిగారు.

కందుకూరు మెకానిక్
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. అదే వరదను మీరు ఉదాహరణగా చెప్పారు. మరి కేంద్రం నెల్లూరులోనే ఉండి, ఆ రాత్రి అక్కడ కరెంటు పోయి, ఉద్యోగులు ఇళ్లలో చిక్కుకుపోతే ఫోను ఎత్తేది ఎవరు? తుపాను వచ్చినప్పుడు తుపాను లేని చోట కూర్చున్న మనిషే కావాలి.

ఇంకో మాట. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు మా కందుకూరును, గుడ్లూరు, లింగసముద్రం, ఉలవపాడులతో సహా, ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో కలిపారు. 2025 చివర మళ్లీ ప్రకాశంలోకి మార్చారు. కాగితం మీద గీత ఎన్నిసార్లు మారినా, మాకు దగ్గరి పెద్దాసుపత్రి ఒంగోలే. మేము నెల్లూరులో ఉన్నప్పుడు నెల్లూరు కేంద్రం వారు నెల్లూరు బండినే చూసి ఉంటే, పక్కనే ఖాళీగా ఉన్న ఒంగోలు బండి ఎవరికి కనిపించేది? గుండెనొప్పి వచ్చిన మనిషికి జిల్లా ఏమిటి? 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైన నాటి నుంచీ ఫోన్లన్నీ ఒక్క చోటికి చేర్చే పద్ధతి ఊరకే పెట్టలేదు.

మానేసిన కాల్ టేకర్
నేను ఇలాంటి ఒక కేంద్రంలో నాలుగేళ్లు ఫోన్లు ఎత్తే పని చేశాను. మాది ఒంగోలు దగ్గరి కొత్తపట్నం వైపు. మీ ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. కానీ లోపల పని ఎలా జరుగుతుందో తెలియకపోతే తప్పు చోట మార్పు అడుగుతాం.

హైవే మీద బస్సు బోల్తా పడిందనుకోండి. దారిన పోయే ప్రతి ఒక్కరూ ఫోను చేస్తారు. నిమిషంలో ముప్పై, నలభై ఫోన్లు ఒకే ప్రమాదం గురించి వస్తాయి. జిల్లా గదిలో నలుగురు కూర్చుంటే నలుగురూ ఆ బస్సు దగ్గరే ఆగిపోతారు. సరిగ్గా అప్పుడే ఉదయగిరి నుంచి ఒక పురిటి నొప్పుల ఫోను వస్తే అది మోగుతూనే ఉంటుంది. పెద్ద హాలులో వందమంది ఉంటే ఎవరో ఒకరి చేయి ఖాళీగా ఉంటుంది. ఇది నేను కళ్లతో చూశాను.

ఇంకొక అపోహ. "ప్రశ్నలు ఆపి బండి పంపండి" అని జనం అరుస్తారు. చోటు తెలియనిదే బండి కదలదు. చోటు తెలిసిన క్షణంలో పక్క సీటులోని డిస్పాచరు బండిని పంపుతారు. ఆ తర్వాత మేము అడిగేవి బండిని ఆపవు. మనిషికి తెలివి ఉందా, ఊపిరి ఆడుతోందా, నెత్తురు పోతోందా అన్నవి దారిలో ఉన్న టెక్నీషియనుకు చేరతాయి. రైతు గారూ, పాము కరిచినప్పుడు కాలు కదిలించవద్దని, తాడుతో బిగించవద్దని, కోయవద్దని చెప్పేదీ అప్పుడే.

ఒక రాత్రి సముద్రపు ఒడ్డు పల్లె నుంచి ఒకామె ఫోను చేసింది. భర్త ఊపిరి ఆగిపోయింది. ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టించి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కేలా నేను అంకెలు లెక్కపెడుతూ, ఆమె నొక్కుతూ, బండి తలుపు చప్పుడు వినిపించే దాకా ఆగలేదు. తలుపు తెరిచాక ఫోను పెట్టేశారు. ఆ మనిషి ఏమయ్యాడో నాకు ఈ రోజుకీ తెలియదు. కానీ ఆమె మాట్లాడింది మా ఊరి యాసలో. నేను అదే యాసలో "గట్టిగా నొక్కమ్మా" అన్నాక ఆమె ఏడుపు ఆపి నొక్కింది. ఆ గదిలో నేను కాక వేరే ఎవరున్నా అంత త్వరగా వినేదో లేదో.

అందుకే నేను కోరేది వేరు. కేంద్రం ఒక్కటే ఉండనివ్వండి. ప్రతి షిఫ్టులో ఈ రెండు జిల్లాలవారు తప్పకుండా ఉండాలి, ఇక్కడి ఫోను వారికే ముందుగా చేరాలి. మా తెర మీద రెవెన్యూ గ్రామాల పేర్లు ఉండేవి కానీ, మనుషులు నోటితో పిలిచే పేర్లు ఉండేవి కావు. అడ్డరోడ్డు, చింతమాను, పాత సత్రం, ఏ కాలువ, ఏ తూము అన్నవి ఎక్కించాలి.

కందుకూరు మెకానిక్
దీనికి నేను ఒప్పుకుంటాను. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్‌లో చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. అక్కడి మలుపులకు డ్రైవర్లు పెట్టుకున్న పేర్లు కూడా ఎక్కించాలి.

సీతారామపురం మాస్టారు
పేర్లు చేర్చడం మంచిదే. కానీ అదొక్కటే చాలదు. దారి తెగిన రాత్రి పటాన్ని సరిదిద్దే అధికారం స్థానికంగా ఒకరికి ఉండాలి. ఆ మాట మీద నేను వెనక్కి తగ్గను.

బుచ్చి రైతు
అమ్మా, నేను అడిగిన కేంద్రం కన్నా మీరు చెప్పింది నాకు నచ్చింది. మాస్టారు గారి షరతు కూడా కలిపి కలెక్టరు గారికి అర్జీ రాస్తాను. ఎవరి ఊరి పేర్లు వారు ఇక్కడ పెట్టండి. మాది: కనిగిరి కాలువ గట్టు, బుచ్చిరెడ్డిపాళెం మండలం, నెల్లూరు జిల్లా. కనిగిరి పట్టణం కాదు.

సీతారామపురం మాస్టారు
కయ్య: వరి మడి. గొడవ కాదు.