హెర్బీ హాంకాక్ డిస్కో వైపు వెళ్లడం పొరపాటేనా?

పాతరికార్డు:
1963లో జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ బృందంలో చేరి, జాజ్ పియానో గతినే మార్చిన హెర్బీ హాంకాక్, 1978 నాటి ‘సన్‌లైట్’ ఆల్బమ్ మొదలుకొని కొన్నేళ్లపాటు డిస్కో ఛాయలున్న నృత్యగీతాలకు మళ్లడం ఆయన కళకు నష్టమే అని నా అభిప్రాయం. 1979లో వచ్చిన ‘ఫీట్స్, డోంట్ ఫెయిల్ మీ నౌ’ ఆల్బమ్‌లో ప్రతి దెబ్బకూ మోగే బాస్ డ్రమ్, తిరిగి తిరిగి వచ్చే పల్లవి తప్ప, మన కచేరీ భాషలో చెప్పాలంటే మనోధర్మానికి చోటే కనిపించదు. 1973 నాటి ‘హెడ్ హంటర్స్’తోనే ఆయనకు విస్తారమైన శ్రోతలు దొరికారు కాబట్టి, జనాదరణ కోసం ఇంత దూరం వెళ్లవలసిన అవసరం లేదు.

నల్లమెట్లు:
పాతరికార్డు గారూ, ఆ పాటల్లో వినిపించే గొంతును మీరు మరో రకంగా వినాలని కోరుతున్నాను. హాంకాక్ వాడిన వోకోడర్, మైకులో పలికిన మాటల ఉచ్చారణను గ్రహించి సింథసైజర్ నాదం మీద ముద్రిస్తుంది. స్వరస్థానం మాత్రం ఆయన నొక్కే మెట్లను బట్టే వస్తుంది. గాయకుడిగా శిక్షణ లేని ఒక వాద్యకారుడు తన వేళ్లతోనే పాడగలిగాడంటే, అది కీబోర్డును వదిలేయడం ఎలా అవుతుంది? పైగా 1978 అక్టోబరులో టోక్యోలో ఆయన రెండు ఆల్బమ్‌లు చేశారు. ‘ది పియానో’లో ఒంటరిగా మామూలు పియానో వాయించారు, ‘డైరెక్ట్‌స్టెప్’లో ‘సన్‌లైట్’లోని ‘ఐ థాట్ ఇట్ వాజ్ యూ’నే పదిహేను నిమిషాలకు విస్తరించారు. రెండూ నేరుగా డిస్క్‌పై చెక్కినవే, అంటే తర్వాత అతికించడానికీ దిద్దడానికీ వీలులేనివి. ఒకే నెలలో ఈ రెండూ చేసిన మనిషి ఒకదాని కోసం మరొకదాన్ని అమ్ముకున్నాడని నేను ఒప్పుకోలేను.

షికాగో శ్రోత:
ఒక్క మాట చేర్చాలి. 1979 జూలై 12న హాంకాక్ పుట్టిన షికాగోలోనే, బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డులను గుట్టగా పోసి పేల్చేశారు. ఆ సంగీతాన్ని ప్రేమించినవారిలో నల్లజాతీయులు, స్వలింగ ప్రేమికులు ఎందరో ఉన్నారు. ఆనాటి ద్వేషం నుంచి మనకు తెలియకుండా సంక్రమించిన చిన్నచూపును సంగీత విమర్శగా పొరబడకూడదు.

పాతరికార్డు:
ఆ హెచ్చరిక న్యాయమైనదే. నా అభ్యంతరం డిస్కో మీద కాదని స్పష్టం చేస్తున్నాను. టోక్యో రికార్డుల విషయంలో నల్లమెట్లు గారి మాటను అంగీకరిస్తాను. ‘సన్‌లైట్’ చివర కూడా జాకో పాస్టోరియస్ బాస్‌తో, టోనీ విలియమ్స్ డ్రమ్స్‌తో ‘గుడ్ క్వశ్చన్’ అనే నిప్పులాంటి జాజ్ రచన ఉంది. నా బాధల్లా ‘ఫీట్స్’తోనే: అలాంటి తలుపును అందులో ఆయన ఒక్కటీ తెరిచి ఉంచలేదు.

నల్లమెట్లు:
ఆ ఆల్బమ్ వరకు మీతో ఏకీభవిస్తాను. వోకోడర్ గొంతు అక్కడ పాటను పూర్తిగా కప్పేసింది, ఆ గొంతు వెనకనున్న చేతులు నాకూ వినిపించలేదు.