నెలల తరబడి ఆపేసిన కారు: చలికాలంలో తీసేటప్పుడు ఎంతసేపు వేడి చేయాలి, ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) ఎంతదాకా వెళ్లొచ్చు?

పటమట_పెట్రోల్:
నాన్నగారి కారు ఆగస్టు నుంచి మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే ఉంది. పెట్రోల్ బండి, మాన్యువల్ గేర్లు. ఆయన సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వస్తున్నారు, వచ్చేలోపు తీసి రెడీగా పెట్టాలి. తెల్లవారుజామున ఇక్కడ విజయవాడలో 17, 18 డిగ్రీలు ఉంటోంది. స్టార్ట్ చేసి అరగంట వదిలేయమని ఒకరు, న్యూట్రల్‌లో పెట్టి గట్టిగా రేజ్ చేసి లోపలి మసి పోగొట్టమని ఇంకొకరు చెబుతున్నారు. ఆ బండంటే నాన్నగారికి ప్రాణం, ఇంజిన్‌కి ఏమైనా అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఇలా ఆపి తీసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

ఆటోనగర్_గేటు:
రెండూ వద్దండి. అసలు ముందే సెల్ఫ్ కొట్టకండి, బానెట్ ఎత్తి ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పి చూడండి. ఇన్ని నెలలు సెల్లార్‌లో ఉందంటే ఎలుకలు చేరి ఉంటాయి. మా బాబాయి బండిలో ఫిల్టర్ మీద వేరుశనగ తొక్కలు, బానెట్ కింది స్పాంజి పీకి పేర్చిన గూడు, పక్కనే ఇంజెక్టర్ వైరు రాగి కనపడేదాకా కొరికేసి ఉంది.

తర్వాత ఆయిల్ గేజ్ పుల్ల తీసి లెవెల్ చూడండి, కూలెంట్ చూడండి, బ్యాటరీకి మీటర్ పెట్టండి. 12.6 వోల్టులు చూపిస్తే ఫుల్లుగా ఉన్నట్టు, 12కి దిగిపోతే ఊడదీసి షాపులో ఛార్జింగ్ పెట్టించడమే మేలు. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా నిలబెట్టి, పావుగంట తిరిగితే ఛార్జ్ అయిపోతుందనుకోవద్దు, సెల్ఫ్ మోటారు లాగేసిన కరెంటు తిరిగి ఎక్కడానికే సరిపోతుంది. ఇంకొకటి, సెల్లార్‌లో ఇంజిన్ ఆన్ చేసి ఉంచకండి. పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, పక్కనే వాచ్‌మన్ కుటుంబం పడుకుని ఉంటుంది. స్టార్ట్ అవగానే బండి బయటికి తెచ్చేయండి.

నల్లపాడు_రోడ్డు:
గుంటూరు నుంచి నా మాట. మన చలి ఇంజిన్‌కి చలే కాదు. ఆయిల్ డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటుంది చూడండి, ఆ 5డబ్ల్యూ అంటే మైనస్ 30 డిగ్రీల దగ్గర కూడా ఇంజిన్ తిరిగేంత పల్చగా ఉందని పరీక్షించిన ఆయిల్ అని. అయితే 20 డిగ్రీల దగ్గర ఉన్న ఆయిల్, 100 డిగ్రీల దగ్గర ఉన్నప్పటికంటే పది రెట్లకు పైగా చిక్కగా ఉంటుంది. ఇది మన ఊళ్లో ఎండాకాలం పొద్దున స్టార్ట్ చేసినా దాదాపు అంతే. కాబట్టి మీరు చూసుకోవాల్సింది చలిని కాదు, ఇన్ని నెలలు కదలకుండా ఉండటాన్ని. ఆయిల్ అంతా కిందికి జారి సంప్‌లో (ఇంజిన్ అడుగు తొట్టిలో) చేరి ఉంటుంది, పైన క్యామ్ (వాల్వులను తెరిచే కడ్డీ) మీద పల్చటి పొర మాత్రమే మిగులుతుంది.

చాలా ఇంజెక్షన్ బండ్లలో, అంటే ఇప్పటి పెట్రోల్ బండ్లలో, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపెట్టి సెల్ఫ్ కొడితే పెట్రోల్ ఆగిపోతుంది, ఇంజిన్ ఊరికే తిరుగుతుంది. అలా ఒక ఐదారు సెకన్లు తిప్పితే ఆయిల్ పైకి ఎక్కుతుంది, అప్పుడు కాలు తీసి మామూలుగా స్టార్ట్ చేయాలి. మీ బండికి ఈ సదుపాయం ఉందో లేదో మాన్యువల్‌లో చూసుకునే చేయండి, ఎందుకంటే అది లేని బండిలో తొక్కిపెడితే స్టార్ట్ అయిన క్షణంలోనే ఆర్పీఎం ముల్లు పైకి లేస్తుంది, అదే మనకు వద్దన్నది.

మొగల్రాజపురం_పాతబండి:
అంబాసిడర్ రోజుల్లో చోక్ (పెట్రోల్ పాలు పెంచే మీట) లాగి, ఇంజిన్ చప్పుడు ఒకే తీరుగా వచ్చేదాకా ఆగి గానీ కదిలించేవాళ్లం కాదు. కదిలిస్తే గేటు దాటకుండానే ఆగిపోయేది. ఇప్పటికీ నాకు ఐదు నిమిషాలు ఉంచనిదే మనసొప్పదు. అందులో తప్పేముంది?

నల్లపాడు_రోడ్డు:
గురువుగారూ, కార్బురేటర్ బండికి అది అవసరమే, మీరు చేసింది సరైన పని. ఇప్పటి బండ్లలో చోక్ పని ఈసీయూ అనే ఇంజిన్ కంప్యూటర్ చేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు పెట్రోల్ ఎక్కువ పోసి, ఐడిల్‌ని 1,200, 1,500 దాకా పెంచి, వేడెక్కే కొద్దీ 800 దగ్గరికి దింపుతుంది. ఎక్కువ పోసిన ఆ పెట్రోల్‌లో కొంత కాలకుండా సిలిండర్ గోడల మీద ఆయిల్ పొరను కడిగేసి కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. ఐడిల్‌లో ఉంచితే ఇంజిన్ వేడెక్కదు, ఈ కడగటం మాత్రం సాగుతూనే ఉంటుంది. నెమ్మదిగా నడిపితే తొందరగా వేడెక్కుతుంది. అర నిమిషం, మహా అయితే ఒక నిమిషం ఆగి కదిలించేయొచ్చు. చాలా రోజులు ఆపిన బండికి ఇంకో నిమిషం ఎక్కువ ఇవ్వండి, ఆయిల్ లైట్ ఆరిందో లేదో, కింద ఏమైనా కారుతోందో చూసుకోవడానికి.

పటమట_పెట్రోల్:
చాలా థాంక్స్. మరి నడిపేటప్పుడు ఎంత ఆర్పీఎం? మీటర్‌లో ఎర్ర గీత 6,500 దగ్గర ఉంది. ఎలాగూ ఆర్పీఎంని ఆపే లిమిటర్ ఉంటుంది కదా, అది ఆ గీత దాటనివ్వదు కదా?

బెంజిసర్కిల్_నైట్:
లిమిటర్ కాపాడేది వేడెక్కిన ఇంజిన్‌నండి. చాలా బండ్లలో చల్లటి ఇంజిన్‌కి వేరే హద్దు ఉండదు, స్టార్ట్ చేసిన నిమిషానికే 6,500 దాకా వెళ్లనిస్తుంది. బీఎండబ్ల్యూ ఈ46 ఎం3లో ఆర్పీఎం మీటర్ చుట్టూ లైట్లు ఉంటాయి, ఆయిల్ వేడెక్కే కొద్దీ ఒక్కొక్కటే ఆరుతూ హద్దు 8,000 దాకా పెరుగుతుంది. మన బండ్లలో ఆ లెక్క మనమే కాలితో పెట్టుకోవాలి. ఆర్పీఎం రెట్టింపైతే పిస్టన్, కనెక్టింగ్ రాడ్ మీద జడత్వం వల్ల పడే బలం నాలుగు రెట్లవుతుంది. 3,000కి, 6,000కి తేడా అంత. పైగా అల్యూమినియం పిస్టన్ చల్లగా ఉన్నప్పుడు సిలిండర్‌లో కాస్త వదులుగా ఉండి గోడలకు కొట్టుకుంటుంది.

నేనైతే మొదటి పది పన్నెండు కిలోమీటర్లు 2,500 దాటించను. అలాగని టాప్ గేర్‌లో 1,200 దగ్గర గునుస్తూ లాగించడమూ తప్పే, బేరింగుల మీద భారం పడుతుంది. టెంపరేచర్ ముల్లు మధ్యకి వచ్చిందని తొక్కేయకండి. అది చూపేది కూలెంట్ వేడి, ఆయిల్ అంత వేడెక్కడానికి ఇంకా చాలాసేపు పడుతుంది.

లిమిటర్ గురించి ఇంకో మాట. అది పెట్రోల్‌నో స్పార్క్‌నో ఆపుతుంది, అంతే. హైవేలో ఐదో గేర్ నుంచి నాలుగుకి బదులు రెండులో వేసి క్లచ్ వదిలారనుకోండి, ఇంజిన్‌ని చక్రాలే తిప్పేస్తాయి, లిమిటర్ ఏమీ చేయలేదు. వాల్వ్ స్ప్రింగులు అందుకోలేక వాల్వులు పిస్టన్‌కి తగిలాయంటే ఇంజిన్ పైభాగం (హెడ్) విప్పాల్సిందే.

మంగళగిరి_టర్బో:
డీజిల్ వాళ్ల కోసం చెబుతున్నా. ఎర్ర గీత 5,000 లోపే ఉంటుంది కాబట్టి మొదట్లో 2,000 చాలు. టర్బో షాఫ్ట్ తిరిగేది పల్చటి ఆయిల్ పొర మీదే, వేగం నిమిషానికి లక్ష చుట్లు దాటుతుంది, స్టార్ట్ చేయగానే రేజ్ చేస్తే ముందు పోయేది అదే. మీటర్‌లో స్ప్రింగులాంటి గ్లో లైట్ ఆరాకే సెల్ఫ్ కొట్టండి.

ఆటోనగర్_గేటు:
హ్యాండ్ బ్రేక్ వేసి వదిలేసి ఉంటే వెనక బ్రేక్ షూలు డ్రమ్ముకి పట్టేసి ఉంటాయి. బండి కదలకపోతే తొక్కి లాగొద్దు, ఫస్ట్‌లో కొంచెం, రివర్స్‌లో కొంచెం క్లచ్ వదలండి, టక్కుమని విడిపోతుంది. లేకపోతే చక్రం విప్పించండి. టైర్లలో గాలి పట్టించి, ట్యాంకులో పాత పెట్రోల్ తక్కువే ఉంటే కొత్తది నింపించి, ఆదివారం పొద్దున్నే వారధి మీదుగా మంగళగిరి దాకా ఆగకుండా వెళ్లి రండి. ఆయిల్‌లో చేరిన తేమ బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో పోదు, ఆ దూరంలోనే పోతుంది.